వోల్టును కొలవడమే ఉద్యోగంగా చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ చదువుతోంది. జోసెఫ్‌సన్ వోల్టేజ్ స్టాండర్డ్ గురించి చదివి, అదే పని చేస్తానంటోంది. మేం ఎంసీఏ చేయమంటున్నాం. అసలు ఆ పనికి మన దేశంలో ఉద్యోగాలున్నాయా?

జవాబు: ఉన్నాయండీ, తక్కువే అయినా ఉన్నాయి. ముందు ఆ పనేంటో మీకూ తెలిస్తే అమ్మాయితో మాట్లాడటం తేలికవుతుంది. జోసెఫ్‌సన్ వోల్టేజ్ స్టాండర్డ్ అంటే వోల్టు ఎంతో కచ్చితంగా చూపించే ప్రామాణిక పరికరం. రెండు నియోబియం అనే లోహపు పొరల మధ్య అతి పల్చటి అడ్డుపొర పెట్టి (దీన్నే జోసెఫ్‌సన్ జంక్షన్ అంటారు), ద్రవ హీలియంలో, అంటే మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచి మైక్రోవేవ్ పంపితే వోల్టేజ్ మెట్లు మెట్లుగా వస్తుంది. మెట్టు ఎత్తును నిర్ణయించేవి ఆ ఫ్రీక్వెన్సీ, రెండు ప్రకృతి స్థిరాంకాలు, అంతే. అందుకే ఢిల్లీలో కొలిచినా జర్మనీలో కొలిచినా అదే వోల్టు. 70 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక మెట్టు సుమారు 145 మైక్రోవోల్టులే కాబట్టి, 10 వోల్టుల కోసం ఒకే చిప్ మీద వేలాది జంక్షన్లు వరసగా కలుపుతారు. 1962లో దీన్ని లెక్కగట్టి చెప్పిన బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్‌సన్‌కి అప్పుడు 22 ఏళ్లు, ఇంకా విద్యార్థే!

ఇంత కచ్చితమైన జంక్షన్ ఉన్నా అసలు తలనొప్పి తీగలతో వస్తుంది. ఒక కొస హీలియంలో, ఇంకో కొస గది వేడిలో ఉంటే తీగలోనే చిన్న వోల్టేజ్ పుడుతుంది, దాన్ని తీసేయడానికి పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పి మళ్లీ మళ్లీ కొలవాలి. చివరి అంకె ఎందుకు కదిలిందో రోజంతా వెతికే ఓపిక ఉందా అని అమ్మాయిని అడగండి. ఉందంటే మాత్రం ఆపొద్దు.

మన దేశ వోల్టు ప్రమాణాన్ని నిలబెట్టేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. అక్కడ సైంటిస్టు పోస్టులు ఎప్పుడో కానీ పడవు, అదొక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను. కానీ క్రయోజెనిక్స్ (అతి చల్లదనంలో పనిచేయడం), నాయిస్ తక్కువగా ఉండే ఎలక్ట్రానిక్స్, పైథాన్‌తో పరికరాలు నడపడం చేతికొస్తే కొలిచే పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసే క్యాలిబ్రేషన్ ల్యాబులూ ఉన్నాయి, క్వాంటమ్ కంప్యూటింగ్ కూడా ఉంది, ఎందుకంటే ఆ కంప్యూటర్లలో ఒక రకానికి మూలమైన సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లలో ఉండేదీ ఈ జంక్షనే. కేంద్రం 2023లో 6 వేల కోట్లకు పైగా ఖర్చుతో మొదలుపెట్టిన నేషనల్ క్వాంటమ్ మిషన్‌లో మెట్రాలజీ (కొలతల శాస్త్రం) కూడా ఒక విభాగం.

నా సలహా: ల్యాబ్ బాగున్న చోట ఎమ్మెస్సీ ఫిజిక్స్, తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష రాసి, దాంతో వచ్చే జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ. స్టైపెండ్ వస్తుంది కాబట్టి అప్పటి నుంచి మీ మీద భారం పడదు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో తెరుస్తారు, ఫైనలియర్ వాళ్లూ రాయొచ్చు.