కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ నెమ్మదించిందా? ఫార్మాట్‌కు ముందు ఇవి చూడండి

ఈదురుగాలికి కరెంటు పోయి వచ్చిన నాటి నుంచి మీ డెస్క్‌టాప్ తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతోందనీ, దుకాణంలో చూపిస్తే ఫార్మాట్ చేయాలన్నారనీ రాశారు. కావలిలో డీటీపీ కేంద్రాల కంప్యూటర్లు బాగుచేస్తుంటాను కనుక, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే ఇటువంటివి ఏటా నా దగ్గరికి వస్తాయి. వాటిలో విండోస్ నిజంగా పాడైనవి తక్కువే. కాబట్టి నెమ్మదించినది డిస్కా, ప్రాసెసరా అన్నది ముందు తేల్చుకోండి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగం చూడండి. డిస్క్ వంద శాతం దగ్గరే నిలిచిపోయి, చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లు దాటకపోతే అనుమానం డిస్క్ మీదికో, దాని కేబుల్ మీదికో వెళ్తుంది. మరే పనీ చేయకుండా, ముఖ్యమైన ఫైళ్లను వేరే డ్రైవులోకి ఎక్కించుకోండి.

తరువాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో 05, సీ5, సీ7 వరుసలు చూడండి; ఇవి డిస్క్ తన లోపాలను తానే నమోదు చేసుకునే లెక్కలు. హార్డ్ డిస్క్ రాస్తుండగా కరెంటు పోతే, ఆ సెక్టారులోని (సమాచారం రాసే చిన్న గడిలోని) సమాచారానికీ, దాన్ని సరిచూసే కోడ్‌కూ పొంతన కుదరకపోవచ్చు. దాన్ని చదవవలసి వచ్చిన ప్రతిసారీ డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, అంతసేపూ విండోస్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇలాంటివి సీ5లో లెక్కకు వస్తాయి. వాటి మీద కొత్తగా రాసినప్పుడు చాలావరకు మామూలు స్థితికి వస్తాయి గనుక, సీ5 కనిపించగానే డిస్క్ పోయిందని నిర్ణయించనక్కరలేదు. పాడైన సెక్టార్లకు బదులు వేరేవి కేటాయించిన లెక్క అయిన 05 విలువ రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం డిస్క్ మార్చవలసిందే. సమాచారం చేరవేతలో దొర్లిన తప్పుల లెక్క అయిన సీ7 పెరుగుతుంటే ముందు డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి, దానికయ్యే ఖర్చు కొద్దిపాటిదే.

డిస్క్ ఆరోగ్యంగా ఉంటే ఫైళ్ల అమరికలోని తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ ఆదేశాన్ని ‘స్లాష్ ఎఫ్’తో, ఆపైన విండోస్ సొంత ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌను నడపండి. చెక్‌డిస్క్ ‘స్లాష్ ఆర్’ డిస్కంతా చదువుతుంది కనుక, చెడిపోతున్న డిస్క్ మీద, అందులోనూ ఫైళ్లు భద్రపరచుకోకముందు, దాన్ని నడపడం నాకు సమ్మతం కాదు. విండోస్ డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్, మార్పులను ముందే రాసిపెట్టుకునే తన జర్నల్‌తో ఫైళ్ల పట్టికను కాపాడుకుంటుందే గాని, ఆ క్షణంలో రాస్తున్న ఫైలులోని విషయానికి పూచీ పడదు. అందువల్ల కరెంటు పోయినప్పుడు తెరిచి ఉన్న ఫైళ్లను విడిగా పరీక్షించుకోండి.

డిస్క్ నిలకడగా ఉండి, ప్రాసెసర్ వేగం ఎంత పని పెట్టినా 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంటే, ప్లగ్గు పూర్తిగా తీసేసి పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టి, మళ్లీ పెట్టి చూడండి. గడియారంలో తేదీ కూడా మారిపోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్లే. గోడ ప్లగ్గు నుంచి కరెంటు అందుతున్నంతకాలం ఆ లోపం బయటపడదు. ఒక ఫొటో స్టూడియో కంప్యూటర్‌లో ఇలాగే బయాస్ (మదర్‌బోర్డులోని ప్రారంభ ప్రోగ్రాము) సెట్టింగులు తొలి స్థితికి పోయి, 3200 వేగంతో నడవవలసిన ర్యామ్ 2133కు పడిపోయింది. బ్యాటరీ మార్చి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు తిరిగి పెట్టగానే సరిపోయింది. ఫార్మాట్ చేసి ఉంటే ఫొటోలు పోయేవి గాని వేగం వచ్చేది కాదు.

ఇంటికి ఇన్వర్టరు ఉంటే దాని వెనుక మీటను యూపీఎస్ స్థానంలో ఉంచండి. మామూలు స్థానంలో కరెంటు మారే ఆ కొద్దిపాటి విరామానికే కంప్యూటర్ ఆగిపోవచ్చు.

మీ 05, సీ5, సీ7 విలువలు రాయండి, మార్చవలసినది కేబులో డిస్కో చూసి చెబుతాను.