జీనోమ్ పరీక్ష మా సీమ పందులకు అవసరమా?

ప్రశ్న: మాది శామీర్‌పేట దగ్గర పల్లె. లార్జ్ వైట్ యార్క్‌షైర్, లాండ్రేస్ జాతులు కలిసిన 14 ఆడ సీమ పందులు, ఒక మగ పంది ఉన్నాయి. ఈ మగ పంది మా ఫారంలో పుట్టినదే. దాని తండ్రిని నాలుగేళ్ల కిందట బయటి నుంచి కొన్నాను. మొదట్లో ఈతకు తొమ్మిది, పది పిల్లలు వచ్చేవి. ఇప్పుడు ఆరేడుకు మించడం లేదు, వాటిలోనూ ఒకటి రెండు బలహీనంగా పుడుతున్నాయి. పోయిన ఎండాకాలం మార్కెట్‌కు తీసుకెళ్తుంటే రెండు పందులు బండిలోనే వణికి, బిగుసుకుపోయి చనిపోయాయి. ఒక సంస్థ ప్రతినిధి వచ్చి, ప్రతి పందికీ జీనోమ్ పరీక్ష చేయిస్తే ఏది ఉంచాలో, ఏది అమ్మాలో తెలిసిపోతుందని చెబుతున్నారు. చేయించమంటారా? పంది గుండెను మనిషికి అమర్చారని కూడా విన్నాను. పక్కనే మందులు, టీకాల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ ఉంది కదా, అక్కడి కంపెనీలు మా పందులను కొంటాయా?

సలహా: రైతు సోదరునికి నమస్కారం. మీరు రాసిన వాటిలో పిల్లలు తగ్గడం ఒక సమస్య, బండిలో పందులు చనిపోవడం మరొక సమస్య. మొదటిదానికి జన్యు పరీక్షతో పని లేదు. రెండోదానికి అవసరం ఉంది, అది కూడా మందలోని అన్ని పందులకూ కాదు, రెండు మూడింటికి మాత్రమే. అందువల్ల మొత్తం మందకు డబ్బు కట్టే ముందు ఈ వివరాలు చదవవలసిందిగా కోరుతున్నాను.

పంది శరీరంలోని ప్రతి కణంలో 19 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో ఇమిడి ఉన్న మొత్తం జన్యు సమాచారాన్నే జీనోమ్ అంటాము. డ్యూరాక్ జాతికి చెందిన ఒక ఆడ పంది జీనోమ్‌ను అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి చదివి, 2012 నవంబరులో నేచర్ అనే శాస్త్ర పత్రికలో ప్రచురించారు. సుమారు 250 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలున్న (సమాచారాన్ని మోసే రసాయన భాగాలను అక్షరాలంటాము) ఈ సమాచారంలో 20 వేలకు పైగా జన్యువులు ఉన్నట్లు తేలింది. అయితే అక్షరాలన్నీ చదివినంత మాత్రాన ఫలానా పంది ఎన్ని పిల్లలను ఈనుతుందో చెప్పగలమని కాదు. ఏ అక్షరం మారితే ఏ గుణం మారుతుందో తెలియాలంటే, వేలాది పందుల ఈతలు, బరువులు, మేత లెక్కలు రాసిపెట్టిన రికార్డులను వాటి జన్యు సమాచారంతో పోల్చి చూడాలి. విదేశీ ప్రజనన సంస్థలు ఒక్కొక్క పందిలో 60 వేల దాకా జన్యు గుర్తులను (జీనోమ్‌లో పందికీ పందికీ తేడా ఉండే చోట్లను) ఒకేసారి పరీక్షించే చిప్‌లతో ఆ పని చేస్తున్నాయి. ఆ అంచనాలు వాళ్ల మందలకు, వాళ్ల మేతకు, వాళ్ల వాతావరణానికి సరిపోయేవి. హోటళ్లలో మిగిలిన అన్నం తింటూ మన ఎండల్లో పెరిగే సంకరజాతి పందులకు అవి అంత నమ్మకంగా వర్తించవు. మీ దగ్గరకు వచ్చిన ప్రతినిధిని ఒక్క మాట అడగండి: మా పంది ఫలితాన్ని ఎక్కడి పందుల, ఎన్ని పందుల రికార్డులతో పోల్చి చెబుతారు? దానికి స్పష్టమైన జవాబు లేకపోతే ఆ పరీక్ష మీకు అక్కరలేదు.

ఈతకు పుట్టే పిల్లల సంఖ్యలో పందికీ పందికీ కనిపించే తేడాల్లో జన్యువుల వాటా సుమారు పదో వంతు మాత్రమే. మిగిలినదంతా మేత, ఎండ, వ్యాధులు, దాటించే సమయం మీద ఆధారపడి ఉంటుంది. మీ మందలో తగ్గుదలకు మాత్రం నాకు ప్రధానంగా కనిపిస్తున్న కారణం రక్తసంబంధం. మీ మగ పంది మీ ఫారంలోనే పుట్టింది, దాని తండ్రి మీ మందలో అంతకుముందు వాడిన పోతు. కాబట్టి ఇప్పుడు ఈనుతున్న ఆడ పందుల్లో చాలావరకు దానికి అక్కచెల్లెళ్లో, కూతుళ్లో అయి ఉండాలి. ఒకే తల్లిదండ్రుల సంతానాన్ని కలిపినా, తండ్రితో కూతురును కలిపినా పుట్టే పిల్లల్లో అంతఃప్రజనన శాతం (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఒకే పూర్వికుని జన్యు ప్రతి వచ్చే అవకాశం) 25 ఉంటుంది. తండ్రి ఒక్కటే అయి తల్లులు వేరైతే 12.5 ఉంటుంది. దీని దెబ్బ ముందుగా తగిలేది పిల్లల సంఖ్యకు, పుట్టిన పిల్లల బలానికి. మీరు రాసిన లక్షణాలు సరిగ్గా అవే.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని మగ పందిని మార్చడం. మీ మందతో సంబంధం లేని ఫారం నుంచి, పెద్ద ఈతలో పుట్టి, రెండు వైపులా కలిపి కనీసం 12 చక్కని చన్నులున్న మగ పందిని ఎంచుకోండి. మగ పందికి చన్నులు చూడటమేమిటని కొందరు రైతులు ఆశ్చర్యపోతుంటారు, కానీ దాని కూతుళ్లకు ఆ గుణం దాని నుంచి కూడా వస్తుంది. దాని కూతుళ్లు ఎదకు వచ్చేలోగా దాన్ని మార్చే ఏర్పాటు చేసుకోండి. ఎద మొదలైన రెండో రోజున 12 గంటల తేడాతో రెండుసార్లు దాటించండి. ఎండ దెబ్బ తగిలిన మగ పందిలో వీర్యం నాణ్యత కొన్ని వారాల పాటు తగ్గి ఉంటుంది కనుక, ఏప్రిల్, మే నెలల్లో దానికి నీడ, నీటి తుంపర్లు తప్పనిసరి. పిల్లలు పుట్టిన రోజే చెవికి గాట్లు వేసి, తల్లి, తండ్రి, తేదీ, పుట్టినవి ఎన్ని, తల్లి నుంచి వేరు చేసేనాటికి మిగిలినవి ఎన్ని అనే వివరాలను ఒక పుస్తకంలో రాయండి. ఈ పుస్తకం లేకుండా ఎంత ఖరీదైన జన్యు పరీక్ష చేయించినా, దాని ఫలితాన్ని పోల్చుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఇక బండిలో చనిపోయిన పందుల విషయం. పందికి చెమట పట్టి శరీరం చల్లబడే వీలు దాదాపు లేదు. మధ్యాహ్నపు ఎండలో, కడుపు నిండా మేపి, ఇరుకుగా ఎక్కించి తీసుకెళ్తే ఏ పందైనా చనిపోవచ్చు. అయితే వణికి, బిగుసుకుపోయాయని రాశారు, మీ మందలో లాండ్రేస్ రక్తమూ ఉంది. అందుకే ఆ జాతిలో కనిపించే ఒక జన్యు లోపాన్ని కూడా అనుమానించవలసి వస్తుంది. ఆర్‌వైఆర్1 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల కండర కణాల్లో కాల్షియం అదుపు తప్పి విడుదలవుతుంది. బెదిరినా, తోలినా, వేడెక్కినా కండరాలు బిగుసుకుంటాయి, శరీర ఉష్ణోగ్రత వేగంగా పెరుగుతుంది, చర్మంపై ఎర్రని మచ్చలు వస్తాయి, నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. బతికి కోతకు వెళ్లిన పంది మాంసం కూడా పాలిపోయి, మెత్తబడి, నీరు కారుతుంది. ఈ మార్పును 1991లోనే గుర్తించారు. తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి చొప్పున రెండు లోప ప్రతులు వచ్చిన పందిలోనే ఈ జబ్బు కనిపిస్తుంది. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న పంది చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది, కానీ లోపాన్ని పిల్లలకు పంచుతుంది. అలాంటి రెండింటిని కలిపితే సగటున ప్రతి నాలుగు పిల్లల్లో ఒకదానికి జబ్బు వస్తుంది. ఇక్కడ రికార్డులు, అంచనాలు అవసరం లేదు, ఒక చిన్న పరీక్ష అవును లేదా కాదు అని తేల్చేస్తుంది. జీనోమ్ విజ్ఞానం చిన్న రైతుకు నేరుగా ఉపయోగపడే చోటు ఇదేనని నా అభిప్రాయం.

మనుషుల్లోనూ ఇదే జన్యువులో లోపాలున్న వారికి శస్త్రచికిత్స సమయంలో కొన్ని మత్తు మందులు ఇవ్వగానే కండరాలు బిగుసుకుని, విపరీతమైన జ్వరం వచ్చి ప్రాణం మీదకు వస్తుంది. దానికి ఇప్పటికీ వాడుతున్న డాంట్రోలిన్ అనే మందు పనిచేస్తుందని 1975లో దక్షిణాఫ్రికాలో ముందుగా చూపించింది ఈ గుణమున్న పందుల్లోనే. వైద్య పరిశోధనకు పంది ఎందుకు అంత విలువైనదో ఈ ఒక్క ఉదాహరణ చాలు. గుండె పరిమాణం, జీర్ణక్రియ, చర్మం వంటి విషయాల్లో పంది మనకు చాలా దగ్గర. పంది ఇన్సులిన్‌కూ మన ఇన్సులిన్‌కూ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం.

మీరు విన్న గుండె మార్పిడి నిజమే. 2022 జనవరిలో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ వైద్యులు పంది గుండెను ఒక రోగికి అమర్చారు. ఆయన సుమారు రెండు నెలలు జీవించారు. అయితే ఆ పంది మామూలు పంది కాదు. దానిలో 10 జన్యు మార్పులు చేశారు: మన శరీరం తిరస్కరించే చక్కెర పదార్థాలను తయారుచేసే మూడు జన్యువులను, గుండె అతిగా పెరగకుండా మరొక జన్యువును పనిచేయకుండా చేసి, ఆరు మానవ జన్యువులను చేర్చారు. అంత జాగ్రత్తగా పెంచినా ఆ గుండెలో పందులకు సోకే ఒక వైరస్ దాగి ఉన్నట్లు తర్వాత బయటపడింది. ఇలాంటి పనికి వాడే పందులను బయటి గాలి, మేత, మనుషుల నుంచి రోగకారకాలు చేరకుండా ప్రత్యేక గదుల్లో పెంచుతారు. మన దేశంలో ప్రయోగాలకు వాడే జంతువులపై కేంద్ర ప్రభుత్వ కమిటీ పర్యవేక్షణ కూడా ఉంటుంది. కనుక ఆరుబయట పెరిగే మీ పందులను జీనోమ్ వ్యాలీ సంస్థలు కొంటాయని ఆశపడి ఖర్చు పెట్టవద్దు. మీ మార్కెట్ మాంసమే. శుభ్రమైన కోత, మాంసం తయారీలపై సలహా కావాలంటే చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థను సంప్రదించవచ్చు.

మీరు అడగకపోయినా మరొక మాట చెప్పాలి. ఆసియా, యూరప్ అడవి పందులు సుమారు పది లక్షల ఏళ్ల కిందటే వేరుపడ్డాయని, ఆ రెండు చోట్లా మనుషులు వాటిని విడివిడిగా మచ్చిక చేసుకున్నారని జీనోమ్ అధ్యయనాలు చూపాయి. మన నల్ల దేశవాళీ పందికీ, తెల్ల సీమ పందికీ మధ్య ఉన్న ఈ దూరమే సంకరంలో బలమవుతుంది. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం లార్జ్ వైట్ యార్క్‌షైర్, దేశవాళీ పందులను కలిపి సంకర రకాన్ని రూపొందించింది. కొత్త మగ పంది కోసం వెతికేటప్పుడు అలాంటి సంకరాన్నీ పరిశీలించండి. పందులను చంపే వైరస్ జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ రాని పందిని పరీక్షతో ఎంచి ఇస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు, అలాంటి పరీక్ష లేదు. ఆ జబ్బు రాకుండా హోటల్ మిగులును బాగా ఉడికించి చల్లార్చాకే పెట్టండి.

ఆర్‌వైఆర్1 పరీక్ష కోసం, చనిపోయిన పందుల తల్లి ఏదో గుర్తుంటే ఆ ఆడ పంది నుంచి, ఇప్పటి మగ పంది నుంచి, ఆ మగ పంది తండ్రి ఇంకా ఉంటే దాని నుంచి కూడా నమూనాలు తీయండి. వీపు మీది ముతక వెంట్రుకలను 20 నుంచి 30 దాకా కుదుళ్లతో సహా పీకండి. కత్తిరిస్తే పనికిరావు, పరీక్షకు కావలసినది కుదురు దగ్గరి తెల్లని గడ్డలోని కణాలే. ఒక్కో పందికి ఒక్కో కాగితపు కవరు వాడి, పైన చెవి నంబరు రాయండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరి నమూనా చెడిపోతుంది. ఈ కవర్లతో రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలో జన్యు, ప్రజనన విభాగాన్ని కలిసి, పరీక్ష ఎక్కడ చేయించాలో అడగండి. కొత్తగా కొనబోయే మగ పందికి మాత్రం డబ్బు చెల్లించక ముందే ఈ పరీక్ష ఫలితం చూపించమని అమ్మేవారిని అడగండి.