గాల్లో కాదు, నేల మీదే ఎగరాలి

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

హైజంప్ సాధన మొదలుపెట్టావని తెలిసి చాలా సంతోషించాను. గాల్లోకి లేచాక ఇంకాస్త పైకి సాగాలంటే ఏం చెయ్యాలని అడిగావు. ఏళ్ల తరబడి పిల్లలకు ఎగరడం నేర్పినవాణ్ణి, గట్టిగా చెబుతున్నాను: లేచాక ఎత్తు పెంచడానికి చేసేదేమీ లేదు. కాలు నేలను వదిలిన క్షణానికే నీ గురుత్వ కేంద్రం, అంటే ఒంటి బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, ఎంత ఎత్తుకు వెళ్తుందో ఖరారైపోతుంది. ఆ తర్వాత నీ మీద పనిచేసేది భూమి ఆకర్షణే. ఈ కాస్త వేగానికి గాలి అడ్డు లెక్కలోకి రాదు. కాబట్టి నీ శ్రద్ధంతా నేల మీద పెట్టు.

ఊరికే నిలబడినప్పుడు నీ బరువెంతో అంత బలంతో నేలను నొక్కుతావు. నేలా అంతే బలంతో నిన్ను పైకి నెడుతుంది. పైకి లేవాలంటే బరువును మించి తొయ్యాలి. ఆ మించిన బలం ఎంత, ఎంతసేపు పనిచేసింది అన్నదాన్ని బట్టి నీ వేగం ఉంటుంది. మోకాళ్లు సరిగా వంచకపోతే తొయ్యడానికి చోటుండదు. మరీ కిందికి కూర్చుంటే కండరాలు పూర్తి బలం ఇవ్వలేవు. ఎంత వంగితే నీకు కుదురుతుందో నువ్వే చూసుకోవాలి, అది అందరికీ ఒకటి కాదు.

వంగాక మాత్రం అక్కడ ఆగకు. వంగినప్పుడు కండరాలు, వాటిని ఎముకకు కట్టే స్నాయువులు లాగిన రబ్బరు బ్యాండులా కొంత శక్తిని దాచుకుంటాయి. వెంటనే లేస్తే అది నీకు పనికొస్తుంది, ఆగితే చాలావరకు వేడిగా పోతుంది. చేతులు కూడా వెనక నుంచి పైకి బలంగా ఊపు. అవి పైకి వేగం అందుకుంటున్నప్పుడు కాళ్లు నేలను ఇంకా గట్టిగా నొక్కుతాయి.

లెక్క కూడా చెబుతాను, నాకిది చాలా ఇష్టం. గురుత్వ కేంద్రం అర మీటరు లేవాలంటే నేల వదిలేటప్పుడు సెకనుకు సుమారు 3.1 మీటర్ల వేగం కావాలి. 50 కిలోల మనిషికి అది దాదాపు 245 జౌల్‌ల గతిశక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి. ఎత్తు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వేగం 10 శాతం పెంచితే ఎత్తు 21 శాతం పెరుగుతుంది. కొంచెం మెరుగుపడినా చాలా కనిపిస్తుంది, అందుకని నిరాశపడకు. ఇంకొకటి, గాల్లో ఉన్న సమయంలో సగభాగం, ఎత్తులో పైనున్న పావు వంతులోనే గడుస్తుంది. బాగా ఎగిరేవాళ్లు పైన ఆగినట్టు అనిపించేది అందుకే.

గురుత్వ కేంద్రం దారి మారకపోయినా, దాని చుట్టూ శరీరాన్ని ఎలా మలుచుకుంటావన్నది నీ చేతిలో ఉంది. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో అమెరికా హైజంపర్ డిక్ ఫాస్‌బరీ వీపును బార్ (దాటాల్సిన అడ్డకర్ర) వైపు పెట్టి 2.24 మీటర్లు దాటి బంగారు పతకం గెలిచాడు. అలా వెనక్కి బాగా వంగితే గురుత్వ కేంద్రం శరీరం బయటికి, వీపు కిందికి వస్తుంది. తల, నడుము, కాళ్లు వరసగా బార్ పైనుంచి వెళ్తున్నా, అది మాత్రం బార్ కిందుగా పోవచ్చు! కానీ ఇది తర్వాత నేర్చుకునే పాఠం. ముందు నేలను తొయ్యడం రానీ.

పరుపు లేని చోట ఎగిరేటప్పుడు దిగడం మీద అశ్రద్ధ వద్దు. అర మీటరు నుంచి పడి 5 సెంటీమీటర్లలో ఆగితే కాళ్ల మీద సగటున నీ బరువుకు 11 రెట్ల బలం పడుతుంది. మోకాళ్లు, తుంటి వంచుతూ 25 సెంటీమీటర్లలో ఆగితే 3 రెట్లే. మోకాళ్లు లోపలికి ఒరగనివ్వకు. నొప్పి పుడితే ఆ రోజుకి సాధన ఆపెయ్.

ఈసారి ఎగిరేటప్పుడు వీడియో తీయించి పంపు. బార్ కనబడకపోయినా ఫరవాలేదు, చివరి రెండడుగులు, చేతుల ఊపు బాగా కనిపించాలి.

ప్రేమతో,
పెదనాన్న