షేక్‌స్పియర్ సంపాదన ఎక్కడిది?

ప్రశ్న: పరిషత్తు పోటీలకు నాటికలు రాస్తుంటాను. మా వైపు రచయితకు శాలువా, జ్ఞాపిక తప్ప దక్కేది తక్కువ. షేక్‌స్పియర్ మాత్రం నాటకాలు రాసి సొంత ఊళ్ళో పెద్ద ఇల్లు, పొలాలు కొన్నాడని చదివాను. ఆ కాలంలో రచనకు అంత గిట్టుబాటు ఉండేదా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: ఉండేది కాదు. లండన్‌లో రోజ్ నాటకశాలను నడిపిన ఫిలిప్ హెన్‌స్లో లెక్కల పుస్తకం నేటికీ భద్రంగా ఉంది. అందులో 1590ల నాటి పద్దులను బట్టి ఒక కొత్త నాటకానికి రచయితకు ముట్టింది సుమారు ఆరు పౌండ్లు. ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తే ఆ సొమ్మునే పంచుకోవాలి. డబ్బు చెల్లించాక రాతప్రతి నాటక బృందానిదే కాబట్టి, తర్వాత ఎన్నిసార్లు ఆడినా రచయితకు హక్కుగా వచ్చేది ఏమీ లేదు. పేరున్న రచయిత థామస్ డెక్కర్ అప్పు తీర్చలేక ఏడేళ్ళు చెరసాలలో గడిపాడు. మన సీమలోనూ ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులకు భుక్తి గడిచింది బళ్ళారిలో చేసిన వకీలు వృత్తి వల్లనే.

షేక్‌స్పియర్‌ను గట్టెక్కించింది రచన కాదు, వాటా. 1572 నాటి చట్టం ప్రకారం ఎవరో ఒక ప్రభువు అండ లేని నటులు దేశదిమ్మరుల కింద జమ. పట్టుబడితే కొరడా దెబ్బలు తప్పవు. అందువల్ల 1594లో రాణి కొలువులో పెద్ద అధికారి అయిన లార్డ్ చాంబర్లేన్ పేరు పెట్టుకున్న బృందంలో షేక్‌స్పియర్ నటుడిగా, రచయితగా మాత్రమే గాక లాభంలో భాగస్వామిగా కూడా స్థిరపడటం చిన్న సంగతి కాదు. 1598 డిసెంబరులో, స్థలం కౌలు విషయంలో తగాదా ముదిరి, ఆ బృందం తమ పాత నాటకశాలను విప్పేసి, ఆ దూలాలతోనే థేమ్స్ నదికి దక్షిణాన, నగర పాలకుల అధికారం చెల్లని చోట, 1599లో గ్లోబ్ నాటకశాలను కట్టింది. అందులో సగం ఆ బృందపు ముఖ్య నటుడు రిచర్డ్ బర్బేజ్‌ది, అతని అన్నది కాగా, మిగతా సగాన్ని పంచుకున్న అయిదుగురు నటుల్లో షేక్‌స్పియర్ ఒకడు. అంటే మొత్తంలో పదో వంతు. నిలబడి చూసేవారికి ప్రవేశం ఒక పెన్నీ, కూర్చోవాలంటే మరో పెన్నీ, మెత్త కావాలంటే ఇంకొకటి అని 1599లో లండన్ చూసిన స్విస్ యాత్రికుడు థామస్ ప్లాటర్ రాశాడు. నైపుణ్యం గల పనివాడి రోజుకూలి ఇంచుమించు పన్నెండు పెన్నీలు (అంటే ఒక షిల్లింగు; ఇరవై షిల్లింగులు ఒక పౌండు) కనుక, సామాన్యుడు కూడా అప్పుడప్పుడు నాటకానికి రాగలిగేవాడు.

ఆ డబ్బంతా తిరిగి సొంత ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌కే చేరింది. 1597లో న్యూ ప్లేస్ అనే పెద్ద ఇల్లు, 1602లో 320 పౌండ్లకు 107 ఎకరాల భూమి కొని, 1605లో 440 పౌండ్లు పెట్టి చర్చికి చెందవలసిన పదో వంతు పంటను వసూలు చేసుకునే హక్కులో భాగాన్ని గుత్తకు తీసుకున్నాడు. గుత్త అంటే ఏమిటో, దాన్ని పట్టినవాడికి మిగిలేది ఎంతో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ చాలామంది దాటవేసే సంగతి ఒకటి ఉంది. 1594 నుంచి వరుసగా పంటలు దెబ్బతిని ఇంగ్లండులో తిండిగింజల ధర పెరిగిపోయింది. కరువంటే మనకు వాన రాకపోవడం, వాళ్ళకు వాన వదలకపోవడం. ప్రభుత్వం ధాన్యం నిల్వల జాబితా రాయించగా, 1598 ఫిబ్రవరి నాటి స్ట్రాట్‌ఫర్డ్ పట్టికలో షేక్‌స్పియర్ పేరిట పది క్వార్టర్ల (అప్పటి ధాన్యం కొలత) మాల్టు, అంటే బీరు కాచడానికి మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, టన్నుకు పైగానే కనిపిస్తుంది. ఆ ఊరి ముఖ్య వ్యాపారం మాల్టే కాబట్టి ఇరుగుపొరుగు కూడా అంతే దాచారని కొందరు సమర్థిస్తారు. నా మటుకు ఆ సమర్థన సగమే నిలుస్తుంది. అందరూ దాచినంత మాత్రాన గింజ దొరకనివాడి కడుపు నిండదు. అంతటితో ఆగక 1604లో, మాల్టు బాకీతో కలిపి 35 షిల్లింగుల 10 పెన్నీల కోసం పొరుగువాడైన ఒక మందుల వ్యాపారి మీద దావా కూడా వేశాడు. 1607లో ఆయన సొంత ప్రాంతంలోనే ఉమ్మడి భూములకు కంచెలు వేసుకున్న భూస్వాముల మీద రైతులు తిరగబడ్డారు. ఆ తర్వాత రాసినదిగా పండితులు భావించే ‘కొరియలేనస్’ నాటకం, పెద్దల గాదెల్లో గింజలు మగ్గుతుంటే తాము ఆకలితో చావాలా అని నిలదీసే జనంతో మొదలవుతుంది. ఆ కోపాన్ని అంత సూటిగా రాయడానికి గాదె లోపలి సంగతి తెలిసి ఉండటం కూడా ఒక కారణమని నేను అనుకుంటాను.

ప్రశ్న: జూలియెట్, డెస్డిమోనా వంటి పాత్రలను అప్పట్లో మగపిల్లలే వేసేవారట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: నిజమే. వృత్తి నాటక బృందాల్లో స్త్రీలకు చోటు ఉండేది కాదు. గొంతు పూర్తిగా మారని కుర్రవాళ్ళను పెద్ద నటులు తమ దగ్గర శిష్యులుగా చేర్చుకునేవారు. నటనకు సొంత వృత్తి సంఘం లేకపోవడంతో, కిరాణా వర్తకుల సంఘంలో సభ్యుడైన షేక్‌స్పియర్ బృందపు నటుడు జాన్ హెమింజెస్ కుర్రవాళ్ళను కాగితం మీద కిరాణా పని నేర్చుకునేవారిగా రాయించి రంగస్థలం మీద స్త్రీ వేషాలు కట్టించాడు. షేక్‌స్పియర్ నాయికలు రోజలిండ్, వయోలా, పోర్షియా మగవేషంలో తిరిగే కథలకు ఇది ఎంత వీలుగా ఉండేదో ఊహించుకోవచ్చు. 1642లో అంతర్యుద్ధం మొదలై మూతపడిన నాటకశాలలు 1660లో రాచరికం తిరిగి వచ్చాక తెరుచుకున్నాయి. స్త్రీలు వృత్తి నటులుగా వేదిక ఎక్కింది అప్పుడే. మన దగ్గర తక్కిన నాటక సమాజాల్లో మగవాళ్ళే చీర కట్టుకుని ఆడుతున్న కాలంలో, మీ కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన నాటక కుటుంబాల్లో ఇంటి ఆడవాళ్ళే స్త్రీ పాత్రలు ధరించేవారు.