మసాచుసెట్స్ రైతు, స్వాతంత్ర్య యుద్ధ సైనికుడు: ఇద్దరూ ఒకరేనా?

ప్రశ్న: మా అమ్మాయి అత్తవారిది మసాచుసెట్స్. వియ్యాలవారి పూర్వీకుడొకరు వూస్టర్ కౌంటీలో వ్యవసాయం చేసేవారనీ, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడారనీ, ముసలితనంలో 1832 చట్టం కింద పింఛను తీసుకున్నారనీ వాళ్ళింట్లో చెప్పుకుంటారు. అదే ఊళ్ళో అదే పేరుతో మరొకాయన కూడా ఉన్నట్టు తెలిసింది. మనవడి కోసం ఈయన జీవితకథ రాసిపెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పింఛను మాట నిజమైతే సగం పని అయినట్టే. జనన నమోదుల జోలికి తర్వాత వెళ్ళవచ్చు, ముందు పింఛను ఫైలు చూడండి. అవి వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఎం804 అనే మైక్రోఫిల్మ్ వరుసగా ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. 1800 నవంబరులో యుద్ధశాఖ కార్యాలయం తగలబడి అంతకుముందు పెట్టుకున్న దరఖాస్తులు కాలిపోయాయి గానీ, 1832 నాటి వాటికి ఆ బెడద లేదు.

1818 చట్టం పేదరికంలో ఉన్న మాజీ సైనికులకే పింఛను ఇచ్చింది. 1832 జూన్ 7 నాటి చట్టం ఆ షరతును తీసేసి, కనీసం ఆరు నెలలు పనిచేసిన మిలీషియా (పిలిచినప్పుడు ఆయుధం పట్టే స్థానిక పౌరసేన) వారికి కూడా వర్తించింది. చాలామంది దగ్గర విడుదల పత్రం లేదు కాబట్టి, డెబ్బై ఏళ్ళు దాటిన ఆ రైతులు కోర్టుకు వెళ్ళి ప్రమాణం చేసి, గుమాస్తా రాసుకుంటుండగా తమ కథ చెప్పుకోవలసి వచ్చింది. ఎక్కడ, ఏ సంవత్సరంలో పుట్టారు, వయసుకు రాతపూర్వక ఆధారం ఉందా, సైన్యంలో చేరేనాటికి ఏ ఊళ్ళో ఉన్నారు, యుద్ధం తర్వాత ఎక్కడెక్కడ ఉన్నారు, స్వచ్ఛందంగా చేరారా లేక మరొకరి బదులు వెళ్ళారా, మీ మాటకు సాక్ష్యం చెప్పే పొరుగువారెవరు అని ప్రభుత్వమే ప్రశ్నలు నిర్ణయించింది. జీవితకథకు ఇంతకంటే మంచి ముడిసరుకు నాకు తెలియదు. అయితే అర్ధశతాబ్దం తర్వాత చెప్పిన మాటలవి. కెప్టెన్ల పేర్లు, నెలలు తారుమారు కావడం సహజం. పొలం పనులున్న మనిషి కొన్ని నెలలు సేవచేసి ఇంటికి రావడం, మళ్ళీ మరో కెప్టెన్ కింద చేరడం కూడా మామూలే కనుక, ముక్కలు ముక్కలుగా కనిపించే సేవను చూసి కంగారుపడకండి. 1775 ఏప్రిల్ 19న, యుద్ధానికి నాంది అయిన లెక్సింగ్టన్ కాల్పుల కబురు విని పరుగెత్తినవారి జాబితాల్లో కొన్ని రోజుల సేవ, నడిచిన మైళ్ళు మాత్రమే ఉంటాయి.

ఫైలు సంఖ్యకు ముందు ఎస్ అక్షరం ఉంటే బతికున్న సైనికుడిది, డబ్ల్యూ ఉంటే వితంతువుది, ఆర్ ఉంటే తిరస్కరించినది. డబ్ల్యూ అయితే మీ అదృష్టం: పెళ్ళి జరిగిందని నిరూపించడానికి కొందరు కుటుంబ బైబిల్లోంచి పుట్టిన తేదీలున్న పేజీలు చించి పంపారు.

ఇక అసలు చిక్కు రెండో మనిషి. మసాచుసెట్స్ సైనికుల పేర్లను 17 సంపుటాలుగా అచ్చువేశారు; వాటిలో పేరు కనిపించగానే మనవాడే అనుకుంటే ఇద్దరి జీవితాలు కలిసిపోతాయి. వాళ్ళను విడదీసేది భూమి. కౌంటీ రిజిస్ట్రీలోని క్రయపత్రాల్లో సరిహద్దు పొలాల వారి పేర్లు, అమ్మేవాడి వృత్తి ఉంటాయి. సొంత భూమి ఉన్న రైతును యోమన్ అని రాసేవారు. భర్త అమ్మిన పొలంపై తన హక్కు వదులుకుంటూ భార్య చేసిన సంతకం వల్ల ఆమె పేరు కూడా తెలుస్తుంది. వాంగ్మూలంలో సాక్షులుగా చెప్పిన పొరుగువారు ఈ సరిహద్దుల్లోనూ కనిపిస్తే, సైనికుడూ రైతూ ఒకరేననడానికి గట్టి ఆధారం దొరికినట్టే. పేరు పక్కన జూనియర్ అని ఉంటే కొడుకనే అనుకోకండి. బంధుత్వమే లేని ఇద్దరిలో చిన్నవాడినీ అలాగే రాసేవారు, పెద్దాయన పోయాక ఇతనే సీనియర్ అయ్యేవాడు.

తేదీల్లో 1748/49 వంటివి చూసి తప్పనుకోవద్దు. 1752 వరకు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే జనవరి 1 నుంచి మార్చి 24 దాకా వచ్చే తేదీలకు పాత, కొత్త లెక్కల సంవత్సరాలు రెండూ రాసేవారు; ఆ ఏడు సెప్టెంబరు 2 తర్వాతి రోజును 14గా లెక్కించడంతో పదకొండు రోజులు పోయాయి.

1790 జనాభా లెక్కల్లో కుటుంబ యజమాని పేరు తప్ప మిగతావన్నీ అంకెలే, వాటితో పెద్దగా పని జరగదు. 1840 లెక్కల్లో మాత్రం పింఛనుదారుల పేరు, వయసు, ఎవరింట్లో ఉంటున్నారో రాశారు. ఆయన అప్పటికి బతికుంటే ఏ బిడ్డ దగ్గర ఉన్నారో తెలుస్తుంది. మరణతేదీకి పింఛను చివరి చెల్లింపు పత్రాలు వెతకండి. తేదీ దొరికాక, చనిపోయినవారి వీలునామా, ఆస్తి పంపకాలు చూసే కౌంటీ ప్రొబేట్ కోర్టు ఫైలు అడగండి. అందులో ఆస్తి జాబితా ఉంటే ఎడ్లు, నాగలి, పడక, వంటపాత్రలు విలువలతో సహా ఒక్కొక్కటిగా రాసి ఉంటాయి.