నెప్ట్యూన్ దారిలో ప్లూటో ఉందిగా!

ప్రశ్న: తన కక్ష్యను శుభ్రం చేసుకోలేదని ప్లూటోను గ్రహాల్లోంచి తీసేశారని చదివాను. ప్లూటో నెప్ట్యూన్ కక్ష్య లోపలికి వస్తుందని కూడా అక్కడే ఉంది. అలాంటప్పుడు నెప్ట్యూన్ కూడా తన దారిని శుభ్రం చేసుకోనట్టే కదా, దాన్ని గ్రహమని ఎలా అంటున్నారు?
– పదో తరగతి విద్యార్థిని

జవాబు: న్యాయమైన ప్రశ్న తల్లీ. ప్లూటో దగ్గరికి న్యూ హొరైజన్స్ నౌకను పంపిన బృందం నాయకుడు అలన్ స్టెర్న్ కూడా ఇలాగే నిలదీశాడు. భూమి దారిలోనూ గ్రహశకలాలు తిరుగుతున్నాయి, గురుడి కక్ష్యలో వేలకొద్దీ ఉన్నాయి, మరి వాటి సంగతేమిటని.

2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఓటింగ్ పెట్టి మూడు షరతులు ఖాయం చేసింది. గ్రహం సూర్యుడి చుట్టూ తిరగాలి. సొంత గురుత్వంతో దాదాపు గుండ్రంగా మారేంత ద్రవ్యరాశి ఉండాలి. కక్ష్య పరిసరాలను ఖాళీ చేసుకుని ఉండాలి. ఈ మూడోది లేకుండా మొదటి రెండే ఉండి, వేరేదానికి ఉపగ్రహం కాకపోతే అది మరుగుజ్జు గ్రహం. చంద్రుడు ప్లూటోకన్నా పెద్దవాడైనా ఈ లెక్కలోకి రాడు.

చిక్కంతా మూడో షరతుతోనే. అక్కడ ఒక్క అంకె కూడా రాయకపోవడం ఆ నిర్వచనంలో పెద్ద లోపమని నా అభిప్రాయం. అంకెలు చూస్తే అనుమానమే ఉండదు. అదే ఏడాది స్టీవెన్ సోటర్ అనే శాస్త్రవేత్త ఒక్కొక్క గ్రహం ద్రవ్యరాశిని తీసుకుని, ఆ కక్ష్య ప్రాంతంలో తిరిగే మిగతా వాటన్నిటి మొత్తం ద్రవ్యరాశితో భాగించాడు. భూమికి సుమారు 17 లక్షలు వచ్చింది, నెప్ట్యూన్‌కు 24 వేలు. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే మరుగుజ్జు గ్రహం సెరెస్‌కు 0.33, ప్లూటోకు 0.07! వేలూ లక్షలూ ఒకవైపు, ఒకటికి కూడా చేరనివి ఇంకోవైపు. మధ్యలో ఎవరూ లేరు. ఆ గీత ప్రకృతిలో ముందే ఉంది, ఓటింగ్ పెట్టి గీసింది కాదు.

ఇక నెప్ట్యూన్ సంగతి. 1979 నుంచి 1999 దాకా ప్లూటో నిజంగానే నెప్ట్యూన్ కంటే సూర్యుడికి దగ్గరగా ఉంది. అయినా అవి ఢీకొనవు. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేసరికి ప్లూటో సరిగ్గా రెండు తిరుగుతుంది. అందుకే ప్లూటో లోపలికి వచ్చే ప్రతిసారీ నెప్ట్యూన్ ఎక్కడో దూరంగా ఉంటుంది. రెంటి మధ్య దూరం ఎప్పుడూ, భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి సుమారు 17 రెట్ల కంటే తగ్గదు. ప్లూటో కాస్త ముందూ వెనకా అయినా నెప్ట్యూన్ గురుత్వమే దాన్ని మళ్లీ ఈ లెక్కలోకి లాక్కొస్తుంది. అంటే ప్లూటో అక్కడ తిరగగలుగుతున్నది నెప్ట్యూన్ పెత్తనం కిందే. నువ్వు అభ్యంతరంగా చూపించిందే నెప్ట్యూన్ గ్రహమనడానికి మంచి సాక్ష్యం.

ప్లూటోకు అన్యాయం జరిగిందని చాలామంది ఉత్తరాలు రాస్తుంటారు. సెరెస్ గురించి ఒక్కరూ రాయరు, అదే నాకు బాధ. 1801 జనవరి 1న ఇటలీలో పియాజ్జీ అనే ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టాక అది కూడా దశాబ్దాలపాటు గ్రహంగానే చెలామణి అయింది. చుట్టుపక్కల అలాంటివే వరసగా బయటపడేసరికి జాబితాలోంచి జారిపోయింది. 2005లో, ప్లూటోలాగే నెప్ట్యూన్ అవతల తిరిగే ఎరిస్ సంగతి ప్రకటించాక ప్లూటోకూ అదే గతి పట్టింది, ఎరిస్ ద్రవ్యరాశి ప్లూటోకన్నా పావు వంతుకు పైగా ఎక్కువ మరి.

మంచి బైనాక్యులర్స్ దొరికితే, సెరెస్ బాగా వెలిగే నెలల్లో దాన్ని వెతుకు. మరుగుజ్జు గ్రహాల్లో వాటితో కనిపించేది అదొక్కటే. నేను చూసినప్పుడు మామూలు నక్షత్రంలాగే ఉంది, గుర్తుపట్టలేం. మ్యాపులో దాని చోటు చూసుకుని, చుట్టూ ఉన్న చుక్కలన్నీ కాగితం మీద వేసుకో. రెండు మూడు రాత్రుల తర్వాత మళ్లీ చూస్తే చోటు మారింది ఏదో, అదే సెరెస్.