‘గురించి’ని వదిలించుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది

మీరు అడిగినవి రెండు: ఏ మాట పక్కన ఏ ప్రిపోజిషన్ రావాలి, అడ్వైస్, ఇన్ఫర్మేషన్ లాంటి మాటలకి చివర ‘ఎస్’ పెట్టొచ్చా అని. నాదీ డిగ్రీ దాకా తెలుగు మీడియమే కాబట్టి నేను పడ్డ తిప్పలే చెప్తాను.

మొదటి ఉద్యోగంలో రోజూ మెయిల్స్ రాయాల్సి వచ్చేది. ‘వి డిస్కస్డ్ అబౌట్ ద బిల్’ అని రాస్తే మా టీమ్ లీడర్ ‘అబౌట్’ కొట్టేసేవారు. రెండు రోజులాగి మళ్లీ అదే రాసేవాణ్ణి. మనసులో ‘బిల్లు గురించి’ అని ఉన్నాక ఆ ‘గురించి’కి ఏదో ఒకటి పెట్టకపోతే వాక్యం బోసిగా కనిపించేది మరి! తీరా ఓ రోజు ఆయనే ‘ఎ డిస్కషన్ అబౌట్ ద బిల్’ అని రాశారు. ఇదేంటి సార్ అంటే, ‘అది నౌన్ బాబూ’ అని వెళ్లిపోయారు.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. చాలా మాటలు క్రియగా ఉన్నప్పుడు ప్రిపోజిషన్ అడగవు, నామవాచకం అయితే అడుగుతాయి. ‘ఐ ఆర్డర్డ్ బిర్యానీ’ అంటే చాలు, ‘ఆర్డర్డ్ ఫర్’ అక్కర్లేదు. కానీ ‘యాన్ ఆర్డర్ ఫర్ టూ బిర్యానీస్’. ‘ఐ రిక్వెస్ట్ యువర్ హెల్ప్’, కానీ ‘ఎ రిక్వెస్ట్ ఫర్ హెల్ప్’. ‘ఆన్సర్ ద క్వశ్చన్’, కానీ ‘యాన్ ఆన్సర్ టు ద క్వశ్చన్’. అన్నిటికీ ఇది నడవదు, ‘లిజన్’కి ‘టు’ తప్పదు, ‘డిపెండ్’కి ‘ఆన్’ తప్పదు. అయినా మన మెయిల్స్‌లో దొర్లే తప్పులు చాలావరకు ఈ ఒక్కదానితో పోతాయి.

మిగతావి మన విభక్తుల పుణ్యం. ఫలానా అతనితో పెళ్లయింది అంటాం కదా అని ‘మ్యారీడ్ విత్’ రాస్తాం, అది ‘మ్యారీడ్ టు’. నా మీద కోపం అంటే ‘యాంగ్రీ విత్ మి’. నాకన్నా సీనియర్ అంటే ‘సీనియర్ టు మి’, ఎందుకంటే ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది, దానికి ‘దాన్’ పడదు. మన ‘నుంచి’ అయితే మరీ మోసగత్తె. ‘2019 నుంచి’కి ‘సిన్స్ 2019’ సరే, ‘ఐదేళ్ల నుంచి’కి మాత్రం ‘ఫర్ ఫైవ్ ఇయర్స్’.

ఇక ‘ఎస్’ సంగతి. గ్లాసుడు పాలైనా సరే ‘పాలు పొంగాయి’ అంటాం. లెక్కపెట్టలేని పాలకి బహువచనం ఎందుకని ఎప్పుడైనా అడిగామా? ఇంగ్లీషు వాళ్ల మొండితనం ఇంకో వైపు. ఫర్నిచర్, లగేజ్, అడ్వైస్, ఇన్ఫర్మేషన్ ఎంతున్నా ఏకవచనమే. ఒక్క సలహా కావాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’. జుట్టు, వెంట్రుక అని మనకి రెండు మాటలు, వాళ్లకి రెండూ ‘హెయిర్’. నేను డాక్టరు దగ్గర ‘హెయిర్స్ ఆర్ ఫాలింగ్’ అన్నాను. జుట్టంతా రాలుతుంటే ‘హెయిర్ ఈజ్ ఫాలింగ్ అవుట్’ అనాలి. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ దగ్గర మాత్రం తెలుగే ఆదుకుంటుంది: ‘నా ఫ్రెండ్స్‌లో ఒకడు’ అనుకోండి, ‘ఫ్రెండ్స్’ దానంతటదే వస్తుంది.

నాకు పనికొచ్చింది ఒక చిన్న నోట్‌బుక్కు. కొత్త మాటని ఒంటరిగా కాకుండా తోకతో సహా రాసుకునేవాణ్ణి. ‘రీజన్ ఫర్’, ‘కాజ్ ఆఫ్’. తెలుగులో రెండూ కారణమే, తోకలు వేరు. అనుమానమొస్తే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ చూడండి. దీనికి మూలమైన 1942 నాటి నిఘంటువుని జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ మరో ఇద్దరితో కలిసి తయారుచేశారు, అంటే బయటినుంచి నేర్చుకునే మనలాంటి వాళ్ల కోసమే. ఏ మాట పక్కన ఏది వస్తుందో, లెక్కపెట్టే మాటో కాదో అందులో ఉంటుంది.

ముందు మీ సెంట్ ఫోల్డర్‌లో ‘డిస్కస్ అబౌట్’ అని వెతకండి. నేను వెతికితే ఎన్ని వచ్చాయో మాత్రం అడక్కండి.